అమ్మ పటం పక్కన

జాన్సన్‌విల్,
14 జూలై 2025, ఉదయం.

వదిలేస్తున్నారురా! మీ చెల్లిని వదిలేస్తున్నారు!

చిరంజీవి శశిధర్‌కి నాన్న కోటి ఆశీస్సులు. సంతోషంలో దీవెన వెనకబడింది, ఏమనుకోకు. హిమజ ఈ రాత్రికి అక్కడ విమానం ఎక్కుతుంది, రేపు సాయంత్రం ఆక్లాండ్‌లో దిగుతుంది. నేను రేపు పొద్దున ఫ్లైటుకి వెళ్తున్నాను, నువ్వూ వచ్చెయ్యి. ఎక్కేదాకా మాత్రం అది వాళ్ల చేతుల్లోనే ఉంది. నా ఫోను ఎవరైనా వింటారేమోనని, క్రైస్ట్‌చర్చ్ వస్తున్న పక్కింటి కొమురయ్య గారి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

ప్రపంచమంతా ఒకే కుటుంబం, మా నాయకుడే అందరికీ తండ్రి. ఇదే కదా ఆ దేశం వాళ్ల సిద్ధాంతం! ఆ మాట చెప్పి, చుట్టుపక్కల చిన్న దేశాలని లొంగదీసుకుంటున్నారని మన పిల్ల వాళ్ల సదస్సులోనే నిలబడి అనేసింది. తండ్రిని అవమానించిందని పట్టుకున్నారు. ఇక్కడి ప్రభుత్వం ఎన్నిసార్లు అడిగినా, ఇది ఇంటి విషయం, బయటివాళ్లకేం పని అన్నారు. నేనూ అదంతా వేషమే అనుకున్నాను. కాదురా, నమ్ముతారు! శనివారం వాళ్ల ఎంబసీ ఆఫీసరు ఇంటికొచ్చాడు. ప్రభుత్వం అడిగితే జోక్యమట, కన్నతండ్రి అడిగితే అందరి తండ్రి కాదనడట. నాయకుడి పటం నా చేతిలో పెట్టి, మీ ఇంటి పెద్దలకి ఎలా మర్యాద చేస్తారో అలాగే చెయ్యండి, వీడియో తీస్తాం అన్నాడు. చేశాను. ఆఫీసరు కళ్లు తుడుచుకుని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నిన్న వాళ్ల టీవీలో చూపించారు, ఇవాళ తెల్లారేసరికి కబురొచ్చింది!

పట్టలేని ఆనందంలో, పైకి చెప్పుకోలేని భయంలో,
మీ నాన్న
శ్రీనివాసమూర్తి

తా.క.: అసలు సంగతి ఇది. మనింట్లో గోడకున్న పెద్దల పటం మీ అమ్మది ఒక్కటే కదా. ఆ నాయకుడి పటాన్నీ ఆవిడ పక్కనే తగిలించి, ఆవిడకి చేసినట్టే గంధం బొట్టు పెట్టి, చామంతుల దండ వేసి, దీపం వెలిగించి దండం పెట్టాను. వీడియో చూశాకే గుండె గుభేలుమంది. బతికున్న మనిషిని పోయినవాళ్లలో కలిపేశాను! వాళ్లకింకా తెలియదు. కానీ అది నెట్‌లో ఉంది. పిల్ల ఆక్లాండ్‌లో దిగేదాకా మనవాళ్లెవరూ దాని కింద "ఓం శాంతి" అని పెట్టకూడదు. నీ ఫోన్లోంచి వెంటనే చెప్పాల్సినవాళ్లు: సీతారత్నం అత్తయ్య, సాయినాథ్ మావయ్య, హేమశ్రీ పిన్ని, రాజశ్రీ వదిన. అందరికంటే ముందు వీరరాఘవయ్య బాబాయి. పోయినాయన ఎవరన్నయ్యా అని రాత్రే మెసేజ్ పెట్టాడు.