దుంగలు ఉన్న చోట్లు

రెడ్‌మండ్,
9 నవంబరు 1987

వదినగారికి నమస్కారం.

దేవదానం అన్నయ్య పోయాక మీకు ఒక్క ఉత్తరమైనా రాయలేదు. ఇప్పుడూ పని పడే రాస్తున్నాను. ఆయన సామానులో వాగు పటాలు గీసిన నోటుపుస్తకం ఉంటుంది. పంపగలరా?

తొమ్మిదేళ్ల కిందట ఇక్కడి వాగులో అడ్డంగా పడివున్న చెట్ల దుంగలన్నీ క్రేన్ పెట్టి తీయించింది నేనే. గుడ్లు పెట్టడానికి ఎదురీదుతూ వచ్చే సాల్మన్ చేపలకు దారి చేస్తున్నాననుకున్నాను. మన డెల్టా కాలువల్లో పూడిక తీయించిన చెయ్యి కదా, నీరు అడ్డం లేకుండా పారితే చాలనుకునేవాణ్ణి.

ఆఫీసులో నేను అన్నయ్యా అని పిలుచుకున్న ఆయన ఒక్కడే వద్దన్నాడు. "ఆ దుంగల చాటునే పిల్ల చేపలు బతికేది తమ్ముడూ. తీసేస్తే వరదకి కొట్టుకుపోతాయి" అన్నాడు, నాకు మాత్రమే తెలిసేలా తెలుగులో. చేపలు పట్టేవాళ్లింట్లో పుట్టినవాడికి ఇంజనీరింగ్ ఏం తెలుసని, అందరికీ అర్థమయ్యేలా నేను ఇంగ్లీషులో అన్నాను. అందరూ నవ్వారు. ఆయన మాత్రం ఏ దుంగ ఎక్కడుందో పుస్తకంలో గీసుకున్నాడు. ఆ నెలాఖరుకే ఉద్యోగం మానేసి మిమ్మల్ని తీసుకుని దూరాన నోవై ఊరికి వెళ్లిపోయాడు.

దుంగలు మళ్లీ వేయాలని ఆఫీసువాళ్లు ఇప్పుడంటున్నారు. ఎక్కడెక్కడ ఉండేవో ఎవరికీ గుర్తులేదు. నిన్న వాగు వెంబడి పొద్దుగూకేదాకా తిరిగాను. ఒక్క చేపా కనబడలేదు.

మీరు పంపకపోయినా తప్పుపట్టను. వాగు మాత్రం నేను కోరుకున్నట్టే ఉంది వదినగారూ. అడ్డం లేకుండా పారుతోంది.

మీ మరిది