పేరు మారిన గోలీ

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మొయినాబాద్‌లో మన మందుల షాపులో ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను. ధర చూసి నువ్వు రోజూ తిట్టుకునే ఆ బీపీ గోలీని పోయిన నెల ప్రభుత్వం అగ్గువ చేసింది. పేపర్లో చదివి, నువ్వుంటే ఎంత సంబరపడేవాడివో అనుకున్నాను.

ఈరోజు ఆ గోలీ తయారుచేసే కంపెనీ మనిషి కొత్త గోలీల పట్టీ పట్టుకొని వచ్చాడు.

"పాతది ఇగ రాదన్నా. దీంట్ల ఇంకో మందు జర కలిపినం. పేరు కొత్తది, సర్కారు ధర తగ్గించిన లిస్టుల లేదు," అన్నాడు నవ్వుతూ. ధర మునుపటికంటే ఎక్కువ. గండిపేటలో ఫ్లాటు కొన్నాడట, నా చేతిలో లడ్డూ పెట్టాడు. తినబుద్ధి కాక పక్కన పెట్టాను.

సాయంత్రం సురంగల్ ఊరి మరియమ్మవ్వ మందుల చీటీ తెచ్చింది. డాక్టరు అప్పుడే కొత్త పేరు రాసేశాడు.

"అవ్వా, పాత మందే వేరే కంపెనీది ఉన్నది. అగ్గువ. గదే తీస్కో," అన్నాను.

"సారు రాసింది గాదు గద బిడ్డా. నాకు భయం."

ఎంత చెప్పినా వినలేదు. పైసలు చాలక, ఆ ఖరీదైన పట్టీనే సగానికి కత్తిరించమంది. ధర తగ్గించిన సర్కారుకు ఈ దొడ్డిదారి కనపడదా అన్నా?

ఆమె ఇచ్చిన నోటును గల్లాలో వేస్తుంటే పొద్దున ఆ లడ్డూ అందుకున్న నా చేతిని చూసి నాకే రోత పుట్టింది.