విమానానికి ఎర్రజెండా

బిలాస్‌పూర్, జనవరి 1944. ఆదివారం రాత్రి.

పొద్దున గూడ్సు బండి దిగి, గార్డు జెండాలు చంకలో ఉండగానే మా ఆవిడ సరోజని విమానం చూపించడానికి ఊరవతల మిలిటరీ మైదానానికి తీసుకెళ్లాను. విమానం దిగబోతోంది. సరిగ్గా అప్పుడే రెండు గేదెలు మైదానంలోకి వచ్చేశాయి. నా చెయ్యి ఆగలేదు. అలవాటుకొద్దీ ఎర్రజెండా విప్పి ఊపేశాను. విమానం మళ్లీ పైకి లేచింది. గేదెల కాపరి పరిగెత్తుకొచ్చి వాటిని తోలేశాక పచ్చజెండా చూపించాను. దిగింది. చూడ్డానికొచ్చిన జనం నా వీపు తట్టారు.

విమానం నడిపిన దొర దిగొచ్చి, వచ్చీరాని హిందీలో, "జెండా ఏదీ? నేను చూసింది గేదెలని," అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

టాంగాలో సరోజ అంది: "ఆ దొర సూడకపోతే ఏటి? మీ ఎర్రజెండా సూసే గదా గేదెలోడు పరిగెత్తుకొచ్చాడు."

నిజమే. మనసు తేలికపడింది.

కానీ ఒక సంగతి వదలడం లేదు. మా సింగిల్ లైన్లో స్టేషన్ మాస్టరిచ్చే టోకెన్ చేతికి అందనిదే డ్రైవరు బండి కదపడు. ఎదురుగా ఇంకో బండి రాదని అదే హామీ. మరి ఆకాశంలో రెండు విమానాలు ఎదురైతే? దారి ఖాళీ అని లైన్ క్లియర్ ఎవరిస్తారని మైదానంలోనే దొరని అడిగాను. తన కళ్లు చూపించాడు. మబ్బు పట్టిన రోజునో...

ఇందాక చూస్తే ఎర్రజెండా అంచు చిరిగి ఉంది. సరోజ దీపం దగ్గర కూచుని కుట్టేసింది.

"గేదెలోళ్లకైనా కనపడాల గదా," అంది.