ముందు వరసలో కుర్చీ

గాల్వే, ఐర్లండ్, గురువారం

అమ్మా, కులాసాగానే ఉన్నాను. మా కొత్త నాటకంలో నాన్న చావుని నవ్వులపాలు చెయ్యలేదు, ఒట్టు. ఓట్ల కోసం ముక్కూమొహం తెలియని వాళ్ల చావులకీ హాజరయ్యే కౌన్సిలర్‌నే ఎగతాళి చేశాం. ఆ వేషంలో ఫింటన్ స్టేజి దిగివచ్చి, చర్చిలో పోయినవాళ్ల ఇంటివాళ్లకి చేసినట్టే ముందు వరసలో అందరి చేతులూ పట్టుకుని "మీ కష్టానికి చాలా బాధగా ఉందండీ" అంటుంటే జనం విరగబడి నవ్వుతారు. నిన్న ఒక పెద్దాయన మాత్రం టోపీ తీసి లేచి నిలబడ్డాడు. "వచ్చావు, అదే పదివేలు నాయనా. మా ఆవిడ పోయి తొమ్మిది రోజులైంది" అంటూ చెయ్యి వదల్లేదు. ఫింటన్ రెండో చేత్తో కూడా ఆ చేతిని పట్టుకున్నాడు.

నీ మోకాలు నొప్పి తగ్గిందా? నాన్న నల్లకోటు కావాలి, ఫింటన్‌ది చిరిగింది. పోస్టులో పంపకు, శనివారం నువ్వే తీసుకురా. కరోనా రోజుల్లో నాన్నని సాగనంపినప్పుడు నీ చెయ్యి పట్టుకోవడానికి ఎవరినీ రానివ్వలేదు. మరియమ్మ తల్లి నిన్ను చల్లగా చూడాలి. ముందు వరసలో నీకు కుర్చీ ఉంచాను.

నీ డెర్వ్లా