అన్న జీతంతో తెచ్చిన కల్లు

నాయినా,

నన్ను బడి మాన్పించి సికింద్రాబాద్ స్టేషన్ ముందు టాంగా తోలించావు. ఆ కిరాయిలతో అన్నను బీఎస్సీ లెక్కలు చదివించావు. "డిగ్రీ వస్తే పెట్టిన ఖర్చంత ఏడాదిల వాపస్ వస్తది బిడ్డా" అన్నావు. పోలీసు యాక్షన్‌తో పాత సర్కారు పోయి, అందులో అన్నకొచ్చిన కొలువు ఊడింది. ఇప్పుడు మల్కాజ్‌గిరిలో పిల్లలకు ఎక్కాలు చెబుతున్నాడు. ఆ జీతం నా గుర్రం దాణాకు చాలదు.

ఈరోజు నీ సంవత్సరీకం. ఏటా నీ ముందు కల్లు నేనే పెట్టేవాణ్ని. ఈసారి "పెద్దకొడుకువు, నీ జీతంతోనే తేవాలె" అని అన్నతో పట్టుబట్టాను.

తలొంచుకుని వచ్చాడు. "ఒక్క ముంతే వచ్చింది తమ్మీ."

"ఫికర్ చెయ్యకన్నా. నాయిన ఏసిన లెక్కకు గింతే వస్తది."

తాగు నాయినా. నేను తెచ్చిన కల్లుకుండ తలుపు చాటున నిండుగా ఉంది. తప్పయిందని ఒక్కమాట అను, తెస్తాను. పొద్దున్నుంచి చెవి పెట్టుకునే కూర్చున్నాను.