కొండమీది దొర

ఒరే తమ్ముడూ,

పోయినవాళ్లకు టపా వెళ్లదని తెలుసు. అయినా ఇవాళ ఆత్మకూరులో జరిగింది నీకు కాక ఇంకెవరికి చెప్పను?

ఇన్‌స్పెక్టరుగారి బావమరిది తాలూకా కచేరీ మీద రాళ్లు రువ్వాడు. గాలిలోంచి తనకు ఆజ్ఞలొస్తున్నాయని అరిచాడు. అప్పుడు నిన్ను పరీక్షించిన డాక్టరే వచ్చాడు. ఒక్క మాటైనా అడగకుండా, "పాపం, మతి చెడిపోయుండాది. మద్రాసు ఆసుపత్రికి పంపీండి," అన్నాడు.

కమ్యూనిస్టుల వేట సాగిన ఆ ఏడు నువ్వూ ఆ కచేరీ మీదే రాళ్లు వేశావు. ఉదయగిరి కొండమీది దొర వెయ్యమన్నాడని చెప్పావు. ఆ దొర నీ చెవుల్లో తప్ప ఎక్కడా లేడని మనూరి మేకల కాపరులక్కూడా తెలుసు. ఘనత వహించిన పోలీసులు మాత్రం తుపాకులు పట్టుకుని కొండంతా గాలించారు. దొరకలేదు కాబట్టి ఆయన చాలా పెద్ద నాయకుడని తేల్చారు!

ఈ డాక్టరు నిన్ను అడిగింది ఒక్కటే, ఇవాళ ఏ వారమని. "శుక్రవారం సార్," అన్నావు.

"వారం తెలిసినోడికి పిచ్చేంది? నాటకాలాడతా ఉండాడు," అన్నాడు. నువ్వు జైల్లోనే పోయావు.

ఇవాళ అందరి ముందూ ఆయన్ను నిలేశాను. "ఈయన్ని వారం అడగరా సార్?"

"ఈమెక్కూడా మతి చెడిందా ఏంది?" అన్నాడు జవానుతో.

"మంగళవారం సార్," అన్నాను.

అక్క