దొరసాని ఇంటి పాలబిందె

శ్రావణం, శుక్రవారం రాత్రి. దబీర్‌పురా.

ఈరోజు కూడా దొరసాని ఇంటికి పెద్ద బిందెలోనే పాలు తీసుకెళ్లాను. వాళ్లకిప్పుడు రెండు శేర్లే కావాలి. దానికి చెంబు చాలు. కానీ కిందటి నెలలో దొరసాని నన్ను పక్కకు పిలిచి, "మల్లమ్మా, పాలు తగ్గినా బిందె మార్చకు. ఎదురింటోళ్లు చూస్తరు" అన్నది. ఎదురింటికి కొత్త మోటారు వచ్చింది మరి. దొరసాని వాళ్ల గుర్రాలు అమ్ముడుపోయాయి, వట్టి బగ్గీనే రోజూ తుడిచి వాకిట్లో నిలబెడుతున్నారు.

బిందె నిండుగా కనపడాలని నడుము వంచి నడుస్తాను. ఎక్కడ బయటపడి దొరసాని పరువు పోతుందోనని ఒకటే ఫికర్. ఇవాళ మరీ వంగి, మెట్టు దగ్గర తూలాను. ఎదురింటి దర్వాన్ పరుగున వచ్చాడు.

"ఏం అవ్వా, మీ దొరసాని పాలతోనే తానం చేస్తదా? ఇటియ్యి, నేను తెస్త."

వద్దనేలోపే బిందె ఎత్తాడు. ఎత్తగానే బరువు లేదని అతనికి తెలిసిపోయింది. నా మొహంలోకి చూశాడు. వాళ్ల యజమానురాలు మోటారు పక్కనే నిలబడి చూస్తోంది.

దర్వాన్ ఒక చేత్తో నడుము పట్టుకుని, "యా అల్లా, మస్తు బరువున్నది" అని మూలుగుతూ లోపలికి మోసుకెళ్లాడు.

అప్పటినుంచి మనసు నిమ్మళంగా ఉంది. అతను ఎవరికీ చెప్పడు. కానీ ఇన్నాళ్లూ నేను మోస్తూ ఒక్కసారీ మూలగలేదే. రేపటినుంచి కొంచెం మూలగాలేమో.